నేను లేదని రాసిన అడవి

మా సైన్సు సారు పోయారన్న కబురు నాకు ఫోన్లో మెసేజ్‌గా వచ్చింది. పదో తరగతి పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో పెట్టారు. ఖమ్మంలో ఆఫీసు మెట్లు దిగుతూ చూశాను. నేను చూసేసరికే కింద ముప్పై నలభై దండాల బొమ్మలు వరసగా పడి ఉన్నాయి. పొద్దున పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట, దవాఖానాకు తీసుకుపోయేలోపే అంతా అయిపోయిందట. నేనూ ఒక దండం బొమ్మ పెట్టాను. ఆ తర్వాత ఆ మెట్ల మీదే చాలాసేపు కూర్చున్నాను.

పదకొండో రోజు అయ్యాక ఆ గ్రూపువాళ్ళే ఒక చిన్న పుస్తకం వేద్దామన్నారు. ఒక్కొక్కరు రెండు పేజీలు, సారుతో తీపి జ్ఞాపకాలు రాయాలి. నాకైతే ప్రత్యేకంగా ఫోన్ చేసి అడిగారు. మా బ్యాచ్‌లో ఆయన సబ్జెక్టు పట్టుకుని ఎమ్మెస్సీ దాకా పోయింది నేనొక్కదాన్నే. "సారుకు నువ్వంటె పానం గద, ముందు నువ్వే రాయాలె" అన్నారు. సరే, రాస్తున్నాను. తీపి సంగతి మాత్రం నన్ను అడగకండి. వేస్తారో వేయరో మీ ఇష్టం.

మా ఊరు కొత్తగూడెం దాటి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచున ఉంటుంది. ఊళ్ళో సగం గని కార్మికుల ఇళ్ళు, మిగతా సగం వ్యవసాయం. వాగు దాటితే కోయ గూడెం. మా నాన్న గనిలో దిగేవాడు. సారుది ఎర్రుపాలెం వైపు. వరిచేలూ చెరువుగట్లూ తప్ప అడవి ఎరగని మనిషి. బదిలీ మీద వచ్చినప్పుడు రెండేళ్ళలో వెళ్ళిపోతాం కదా అని కిరాయి ఇంట్లో సామాను కూడా పూర్తిగా విప్పలేదట. అలాంటి మనిషి రిటైరయ్యేదాకా ఇక్కడే ఉన్నారు, రిటైరయ్యాకా ఇక్కడే ఉన్నారు. మాట మాత్రం చివరిదాకా వాళ్ళవైపుదే. మేం "ఏంది సార్" అంటే ఆయన "ఏంటమ్మా" అనేవారు. గూడెం పిల్లలు ఆ "ఏంటమ్మా"ను అచ్చం ఆయనలాగే అని నవ్వుకునేవాళ్ళు. ఆయన విని కూడా విననట్టు పోయేవారు.

ఆయన గొప్పగా మాట్లాడే మనిషేం కాదు. క్లాసులో దగ్గు ఎక్కువ, పాఠం తక్కువ. మధ్యాహ్నం అన్నం తిన్నాక స్టాఫ్‌రూములో గురక పెట్టేవారు. మార్కులు వేయడంలో పరమ పిసినారి. పదికి ఏడు దాటి ఎవరికైనా వేసినట్టు నాకు గుర్తులేదు. మెచ్చుకోవాల్సి వస్తే "ఊఁ, చూశావు" అనేవారు. అంతకంటే పెద్ద మాట ఆయన దగ్గర లేదు. ఆ "చూశావు" కోసం మేం ఎండలో గంటలు గంటలు మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళం.

ఎందుకు కూర్చునేవాళ్ళమో చెప్పాలి. స్కూలు వెనక నుంచి వాగుదాకా పద్దెనిమిది ఎకరాల చెట్లూ పొదలూ ఉండేవి. కాగితాల్లో అది ఫారెస్టు కాదు, రెవెన్యూ వాళ్ళ బంజరు. చూసేవాళ్ళకు మాత్రం ఆ బంజరు ఎక్కడ ఆగిందో, అసలు అడవి ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. సారు మమ్మల్ని అక్కడికి తీసుకుపోయి, గజం పొడవు గజం వెడల్పు నేల కొలిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, చుట్టూ పురికొస కట్టించేవారు. దాన్ని మేం గజం పెట్టడం అనేవాళ్ళం. ఇద్దరికి ఒక గజం. అందులో ప్రాణమున్న ప్రతిదీ, ఒకప్పుడు ప్రాణముండి ఎండిపోయిన ప్రతిదీ నోటుబుక్కులో రాయాలి. రాసిన ప్రతిదాని పక్కన రెండు ప్రశ్నలకు జవాబుండాలి. దీని అన్నం ఏది? ఇది ఎవరి అన్నం?

పుస్తకంలో ఉత్పత్తిదారులు, వినియోగదారులు, విచ్ఛిన్నకారులు అని నోరు తిరగని మాటలుండేవి. సారు బోర్డు మీద అవి ఒకసారి రాసి, పరీక్షలో ఇవి రాయండి అని, కింద వండేవాళ్ళు, తినేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు అని రాసేవారు. ఆకు వండుతుంది, ఎండే దాని పొయ్యి. గొంగళిపురుగు నుంచి మనదాకా అందరం తినేవాళ్ళం. చెదలు, పుట్టగొడుగులు, వానపాములు ఊడ్చేవాళ్ళు. చెదపుట్ట కనబడితే చాలు, అదిగో శానిటేషన్ డిపార్టుమెంటు, జీతం లేదు, సెలవు లేదు అనేవారు. మా పక్క గజంలో కూర్చునే గూడెం పిల్లకు ఈ మాటలతో పని లేదు. ఏ ఆకు ఏ పిట్ట తింటుందో, ఏ పురుగు ఏ వానకు వస్తుందో దానికి ముందే తెలుసు. దానికి మార్కులు తక్కువ వచ్చేవి, పేర్లు ఎక్కువ వచ్చేవి. సారు తన పుస్తకంలో ఒక గీత గీసి, ఇటు మన పేరు, అటు కోయ పేరు రాసుకునేవారు. రెండో వరసకు ఆ పిల్లే ఆయనకు పంతులమ్మ.

ఒక్క అడవిలోనే కాదు, చెరువులో పెట్టించారు, వరిపొలంలో పెట్టించారు. చెరువులో గజం పెట్టడమంటే మోకాటి లోతు నీళ్ళలో కర్రలు పాతి పురికొస కట్టడం. నాచు, చేపపిల్లలు, నీళ్ళ మీద నడిచే పురుగు, కొంగ వేసిన రెట్ట, అన్నీ రాశాం. ఒకసారి బస్సు మాట్లాడి అశ్వారావుపేట పామాయిల్ తోటకు కూడా తీసుకుపోయారు. అక్కడ గజంలో మాకు దొరికినవి మహా అయితే నాలుగు. ఇది ఎవరి అన్నం అన్న ప్రశ్న దగ్గర అందరం మనది అనే రాశాం. సారు తోటను ఏమీ తిట్టలేదు. ఇది మనిషి తన అన్నం కోసం పెట్టుకున్నది, తప్పులేదు, తోటను తోట అనండి, దాన్ని అడవి అనొద్దు, అడవిని ఖాళీ స్థలం అనొద్దు అని మాత్రం చెప్పారు. తిరుగు ప్రయాణంలో మేం పాటలు పాడుకుంటూ వచ్చాం, ఆ మాట ఎవరం పట్టించుకోలేదు.

ఆయన పెట్టిన నియమం ఒకటే. ఒకే గజాన్ని ఏడాదికి నాలుగుసార్లు చూడాలి. తొలకరికి, వానలు ముదిరాక, చలికి, ఎండకు. అవే మేకుల గుంటల్లో మళ్ళీ మేకులు కొట్టాలి. నాలుగూ అయితేనే ఆ గజం లెక్క పూర్తయినట్టు, అప్పుడే కింద గీత గీసి పేరు రాసుకోవాలి. మూడుసార్లు చూసి పేరు రాసిన పిల్లవాడి పుస్తకం కిటికీలోంచి బయటికి విసిరారు ఒకసారి.

తొమ్మిదో తరగతిలో ఎండాకాలపు గజం నాకు ఇప్పటికీ బాగా గుర్తు. మార్చి నెల. మా అడవి ఆకు రాల్చే అడవి. చెట్లన్నీ మోడులు. దానికి తోడు ఇప్పపువ్వు ఏరుకోవడానికి గూడెంవాళ్ళు చెట్ల కింద చెత్త కాల్చుతారు, తునికాకు బాగా రావాలని పొదలకూ నిప్పు పెడతారు. నేలంతా నల్లగా మసి. నేను ఐదు నిమిషాలు చూసి, ఏమీ లేదు అని రాసి ఇచ్చాను. సారు ఆ పుస్తకం తిరిగి నా చేతిలోనే పెట్టి, గజం పక్కన కూర్చోమన్నారు. మిగతావాళ్ళంతా వెళ్ళిపోయారు. ఆయన కూడా కొంచెం దూరంలో రాయి మీద కూర్చున్నారు. గంట గడిచింది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఆగాక చూపు నిలిచింది. మసి కింద నుంచి తునికి మొలక ఎర్రగా పొడుచుకొస్తోంది. బూడిదలో చిన్న గరాటులాంటి గుంత, దాని అడుగున చీమ కోసం కాచుక్కూర్చున్న పురుగు. కాలిన ఆకు కింద పగిలిన విత్తనం, తొండ గుడ్డు పెంకు, మోడు బెరడులో చీమల బారు. పదకొండు రాశాను. ఆయన చూసి అన్న మాట ఇది:

"ఉంది అని రాయాలంటే ఒక్కసారి చూస్తే చాలమ్మా. లేదు అని రాయాలంటేనే నాలుగుసార్లు చూడాలి."

ఈ మాటను నేను డిగ్రీలో చెప్పుకున్నాను, ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో చెప్పుకున్నాను, ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా చెప్పాను. అందరూ మెచ్చుకున్నారు. ఇంత చక్కని మాటను ఇన్నిచోట్ల వాడుకున్న మనిషి ఇంకొకరుండరు.

ఉద్యోగం ఖమ్మంలో ఒక సర్వే సంస్థలో. ఎవరైనా ఒక స్థలంలో ఏదైనా కట్టాలన్నా, నాటాలన్నా అక్కడ ఏ చెట్లున్నాయి, ఏ జంతువులున్నాయి, నీళ్ళున్నాయా అని చూసి రిపోర్టు ఇవ్వడం మా పని. చేరిన నెలలోనే సారు బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చారు. సంచిలో జామకాయలు తెచ్చారు. మా మేనేజరు ముందు ప్లాస్టిక్ కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులకు వచ్చిన మేనమామలాగా కూర్చున్నారు. ఈ అమ్మాయికి చూడ్డం వచ్చండీ, ఎక్కడికైనా పంపించండి అని ఆయనకు చెప్పారు. నాకు సిగ్గేసింది. తొందరగా వెళ్ళిపోతే బాగుండనిపించింది. ఆయన వెళ్ళాక జామకాయలు అందరికీ పంచాను.

నిరుడు మార్చిలో మా స్కూలు వెనక స్థలమే నా చేతికి వచ్చింది. ఒక ప్రైవేటు కంపెనీ పామాయిల్ మొక్కల నర్సరీకి, కోసిన గెలలు దించే యార్డుకి ఆ పద్దెనిమిది ఎకరాలు లీజుకు అడిగింది. అది నిజంగా బంజరేనా కాదా అని రిపోర్టు కావాలి, అది కూడా వానలు రాకముందే కావాలి. నీ ఊరే గద, నువ్వే పో అన్నాడు మేనేజరు. ఆ నెల్లోనే నా ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం కూడా ఆయన టేబుల్ మీద ఉంది. ఆయన ఆ రెండు సంగతులనూ కలిపి ఒక్క మాట కూడా అనలేదు. కలుపుకున్నది నేనే.

జీపులో పదకొండింటికి చేరాం. నేను ఆ ఊరి పిల్లను. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుందని, పొద్దు పొడిచేలోగా గూడెం ఆడవాళ్ళు గంపల్లోకి ఏరుకుపోతారని, పదకొండింటికి చెట్టు కింద కాలిన నేల తప్ప ఏమీ కనబడదని నాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి? వాగు ఎండిపోయి ఇసుక తెల్లగా ఉంది. ఆ ఇసుకలో చెయ్యి పెడితే జానెడు లోతులో తడి తగులుతుందని కూడా తెలుసు. చెయ్యి పెట్టలేదు. రెండు గంటలు తిరిగి, ఫొటోలు తీసుకుని, జీపు ఎక్కేశాను. ఊళ్ళో మా ఇంటికి కూడా పోలేదు. ఇంటికి పోతే సారు ఇంటి ముందు నుంచే పోవాలి.

రిపోర్టులో గడులుంటాయి. చెట్ల సాంద్రత అన్న గడిలో పలచన, ఎక్కువ భాగం ఎండినవి, కాలినవి అని రాశాను. నీటి వనరు అన్నచోట లేదు అని రాశాను. చెప్పుకోదగ్గ జీవజాలం అన్నచోట లేదు. చివర్లో అభిప్రాయం రాసే గడిలో మాత్రం, ఇది ఆకు రాల్చే అడవి కాబట్టి వానాకాలంలో మళ్ళీ చూడాలి అని ఒక వాక్యం రాశాను. మేనేజరు అది చదివి, ఈ లైను ఉంటే ఫైలు ఆర్నెల్లు పక్కకు పోతది, ఉంచాల్నా తియ్యాల్నా నువ్వే చూసుకో అన్నాడు. బెదిరించలేదు. గొంతు కూడా పెంచలేదు. ఆ వాక్యం నా వేలితోనే తీసేశాను. బలవంతం చేశారని చెప్పుకునే అదృష్టం కూడా నాకు లేదు.

ఏప్రిల్‌లో స్కూలు ఆవరణలోనే షామియానా వేసి గ్రామసభ పెట్టారు. రిపోర్టు రాసినవాళ్ళు ఉండాలని నన్నూ రమ్మన్నారు. వెనక వరసలో కూర్చున్నాను. బడిలో మా పక్క గజంలో కూర్చున్న గూడెం స్నేహితురాలు ముందు లేచింది. ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు. "పువ్వు ఏరుకునేటోళ్ళం మేమున్నం. పొద్దుగాల వస్తె కనబడతది. ఎండెక్కినంక జీపేసుకోని వస్తె ఏం కనబడతది?" అని అడిగింది. నేను ఆ జీపులో ఉన్నానని దానికి అప్పటికి తెలియదు. వేదిక మీద కూర్చున్న రెవెన్యూ ఆఫీసరు సరే సరే అని రాసుకున్నట్టు చేశాడు.

తర్వాత సారు లేచారు. చేతిలో బియ్యం సంచి. అందులో ఏళ్ళ తరబడి మా అందరి గజాల నోటుబుక్కులు. కొన్నిటికి అట్టలు లేవు, కొన్నిటిని చెదలు తిన్నాయి. వేదిక మీద బల్లపై పేర్చి, ఇదే పద్దెనిమిది ఎకరాలండీ, నాలుగు కాలాల్లోనూ ఏమున్నాయో ఇందులో ఉంది అన్నారు. ఆఫీసరు ఒక పుస్తకం రెండు వేళ్ళతో ఎత్తి చూసి కింద పెట్టాడు. మాస్టారూ, పిల్లల నోటుబుక్కులు సర్వే కాదు గద, చదువుకున్న మనిషి రాసిన రిపోర్టు ఉన్నది అని, రిపోర్టు చివరి పేజీ తిప్పి నా పేరూ డిగ్రీ మైకులో చదివాడు.

సారు వెనక్కి తిరిగారు. నన్ను వెతకడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. నేను సంచీలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. ఆయన మళ్ళీ వేదిక వైపు తిరిగి, గొంతు సవరించుకుని అన్నారు.

"ఆ అమ్మాయి నా స్టూడెంటేనండీ. చూడ్డం వచ్చు ఆ అమ్మాయికి. ఒక్కసారే చూసింది, ఇంకా మూడుసార్లు మిగిలున్నాయి. అవి కూడా చూడనివ్వండి. అప్పుడు ఆ అమ్మాయి ఏది రాస్తే అది నేను ఒప్పుకుంటాను."

ఆయన అడిగింది అంతే. డిసెంబరు దాకా గడువు. అడవి ఇవ్వమనలేదు, ఎవరినీ అబద్ధాలకోరులనలేదు. షామియానా కింద జనమంతా నావైపు తిరిగారు. ఆఫీసరు మైకు నావైపు చాపి, "ఏమ్మా, మళ్ళ చూడాల్సిన అవసరం ఉన్నదా?" అని అడిగాడు.

ఉంది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ రోజు నా నోట్లో ఆ మాట ఉంది. దాన్ని మింగి, "రిపోర్టు కంప్లీటే సార్" అన్నాను.

సారు పుస్తకాలన్నీ ఒక్కొక్కటే తీసి సంచిలో పెట్టుకున్నారు. తొందరపడలేదు. మా స్నేహితురాలు వచ్చి సంచి అందుకుంది. ఇద్దరూ నా కుర్చీ పక్క నుంచే పోయారు. అది నన్ను చూసి ఉమ్మేసింది. నా మీద కాదు, పక్కన నేల మీద. సారు మాత్రం ఆగి, ఎండగా ఉంది, తలకు ఏదన్నా కట్టుకుని పో అమ్మా అన్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు ఈ రాత తప్పేదేమో.

జూన్‌లో మొదటి వాన పడ్డ మర్నాడు సారు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆ సభ సంగతి తెస్తారేమోనని భయపడుతూనే ఫోన్ ఎత్తాను. ఆయన ఆ ఊసే తేలేదు. ఆరుద్ర పురుగులు దిగాయి, ఎర్రగా నేలంతా, తొలకరి గజం పెట్టే రోజులు, వచ్చి చూసిపో అన్నారు. పని ఎక్కువగా ఉంది సార్, వచ్చే వారం వస్తా అన్నాను. సెప్టెంబరులో మళ్ళీ చేశారు. వాగు నిండుగా పారుతోందట. ఫైలు ఇంకా మండలాఫీసు దాటలేదు, నువ్వు చూసి ఒక్క కాగితం రాసిస్తే దాన్ని రిపోర్టుతో కలుపుతామన్నారు, నేను అడిగి వచ్చాను అన్నారు. నాకు జ్వరం సార్ అన్నాను. నిజానికి అప్పటికి నాకు పర్మనెంటు ఆర్డరు వచ్చి రెండు నెలలైంది. సొంత రిపోర్టుకు ఎదురు రాసుకున్న మనిషికి ఫీల్డు పని ఎవరిస్తారు అన్న లెక్కలో ఉన్నాను.

మూడో ఫోను డిసెంబరులో. గొంతు సన్నగా వినిపించింది. సార్, మీరే ఒక గజం పెట్టి నాకు ఫొటోలు పంపండి, అవసరమైతే నేను రాసిస్తా అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకు కాస్త గౌరవం కూడా కలిగింది, నిజం చెప్తున్నాను.

"నీ బదులు నేను చూడలేనమ్మా," అన్నారు. "నువ్వే రావాలి. ఇదే ఆఖరుసారి."

ఎండ గజం ఎలాగూ అయిపోయింది, నాలుగింటిలో చలికాలానిదే మిగిలింది, ఆయన లెక్క అది. నేను పోలేదు. ఫిబ్రవరిలో లీజు అయింది. ఈ మే నెల మొదట్లో రంపాలు వచ్చాయి. చెట్లు కొట్టడం వారంలో అయిపోయిందని విన్నాను. జూన్ మూడో వారంలో సారు పోయారు. చెట్లు కొట్టారన్న దిగులుతోనే పోయారని ఊళ్ళో కొందరు అంటారు. నేను సైన్సు చదువుకున్నదాన్ని, అట్లా అనను. ఆయనకు షుగరుంది, గుండెకు మందులు వాడుతున్నారు. కానీ ఎవరైనా అలా అన్నప్పుడు ఎదురు చెప్పడానికి నాకు నోరు రాదు.

పోయిన రోజు నేను వెళ్ళేసరికి తీసుకుపోవడం అయిపోయింది. ఇల్లు కడిగి ఉంది. సారు భార్యను మేం అమ్మా అనే పిలుస్తాం. వసారాలో చాప మీద కూర్చుని ఉన్నారు. నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఏడవబోయాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేయలేదు. కాసేపటికి మెల్లగా, పొడిగా చెప్పారు.

"నీతో మాట్లాడి ఫోను పెట్టేశాక ప్రతిసారీ నాకు సర్దిచెప్పేవారు. పని ఎక్కువుందట, జ్వరమట, పాపం అని. ఒక్కటీ ఆయన నమ్మలేదు. నేను నిన్ను ఎక్కడ తిడతానో అని నమ్మినట్టు చెప్పేవారు."

లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నారు. నేను లేచి, రోడ్డు మీదికి పోకుండా స్కూలు వెనక్కి నడిచాను. ఏడాది పైగా ఎగ్గొట్టిన దారి. ఆయన బతికున్నప్పుడు మూడుసార్లు పిలిచినా కదలని కాళ్ళు, పిలిచేవాళ్ళు లేరనగానే వాటంతట అవే పోయాయి.

వారం రోజులుగా వానలు పడుతున్నాయి. వాగులో నీళ్ళు వచ్చాయి, ఎర్రగా, చప్పుడు చేస్తూ. చెట్లు లేవు. పద్దెనిమిది ఎకరాలూ కొట్టేసిన మొద్దులు. ఆ మొద్దుల చుట్టూ జానెడు, మూరెడు చిగుళ్ళు. నల్లమద్ది మొద్దులన్నీ ఆకుపచ్చ టోపీలు పెట్టుకున్నట్టు ఉన్నాయి. తునికి అయితే మొద్దు కూడా లేనిచోట నేలలోంచే గుంపులుగా లేచింది. వాటి మీద పురుగులు, పురుగుల కోసం పిట్టలు. ఆ మధ్యలో ఒక జేసీబీ మొద్దులు పెకలిస్తోంది. నేను కొంచెం దూరంలో నిలబడ్డాను.

నన్ను చూసి డ్రైవరు బండి ఆపాడు. నలభై ఏళ్ళ మనిషి, అశ్వారావుపేట దగ్గర ఊరట. మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ దిగి, ఆఫీసు నుంచి వచ్చినరా మేడం అని అడిగాడు. అవునన్నట్టు తలూపాను. ఏ ఆఫీసో అతను అడగలేదు. నాలుగు రోజుల్ల అయిపోతదని ఒప్పుకున్నానని, పది రోజులైనా సగం కాలేదని మొరపెట్టుకున్నాడు.

"ఎండిపోయినయి, కాలిపోయినయి, చేత్తో గుంజినా వస్తయి, రిపోర్టుల గట్లనే ఉన్నది అన్నరు మేడం. సచ్చిన మొద్దైతె ఒక్క గుంజుడుకు రావాలె. ఇవి రావట్లే. వేర్లు గట్టిగ పట్టుకున్నయి. గట్ల రాసినోళ్ళు ఎవరో గని, వచ్చి చూసినట్టు లేదు."

"నేనే రాసిన," అన్నాను. "వచ్చి చూసిన."

అతను నా మొహం చూశాడు. బాటిల్ తీసి నీళ్ళు తాగి, కావాలా అన్నట్టు నావైపు చాపాడు. వద్దన్నాను. నా పని నేను చెయ్యాలె గద మేడం అని బండెక్కాడు. ఆపమని చెప్పడానికి ఇప్పుడు నాకు ఏ హక్కూ లేదు. ఏ కాగితమూ లేదు. ఉన్నప్పుడు వాడుకోలేదు.

పెద్ద నల్లమద్ది మొద్దు కింద బకెట్టు దూర్చి లేపాడు. మొద్దు కదల్లేదు, బండి ముందు చక్రాలే గాల్లోకి లేచాయి. దించి, పక్క నుంచి మట్టి తవ్వి, మళ్ళీ లేపాడు. నేలలో ఎక్కడో లోపల వేర్లు తెగుతున్న చప్పుడు వినిపించింది. మూడోసారికి వచ్చింది. బకెట్టు పళ్ళకు వేలాడుతూ, వేర్ల నిండా తడి మట్టితో, ఆ మట్టిలోంచి వానపాములు జారిపడుతూ పైకి లేచింది. దాని తల మీద చిగుళ్ళకు ఆ సంగతి ఇంకా తెలియదు. నిటారుగా నిలబడి ఎండకు మెరుస్తున్నాయి.